కీ తీసినా ఆగని కారు

చిల్లకల్లుకి ఇవతల, హైవే పక్కన, మూతపడ్డ కాటా ఒకటుంది. ఒకప్పుడు సున్నపురాయి లారీలు తూచిన చోటు. ఇప్పుడు లారీ ఎక్కదు, తూచేవాడూ లేడు. అయినా చీకటి పడితే ఆ ఇనప పలక మీద ఏదో బరువు దిగినట్టు చప్పుడవుతుందంటారు. లారీ కింద పడి పోయిన కూలీ ఒకడు అక్కడే తిరుగుతున్నాడంటారు...

ఈ మాటలు ఎప్పట్నుంచో ఉన్నవే. డ్రైవర్లు వాటిని చెప్పుకుని నవ్వుకుంటూనే, కాటాని ఆనుకుని ఉన్న లూర్దమ్మ కొట్టులో టీ తాగి పోయేవాళ్లు.

రెండేళ్ల కిందట ఆ నవ్వులు ఆగిపోయాయి. ఒక కారు కథ పుట్టింది.

ఇలా చెప్తారు. రాత్రి పదకొండు దాటింది. నందిగామ వైపు నుంచి ఒక పాత అంబాసిడర్ వచ్చి కాటా దగ్గర ఆగింది. తోలుతున్నాయన కీ తిప్పాడు. కీ బయటికి లాగాడు.

ఇంజను ఆగలేదు.

కీ చేతిలోనే ఉంది. కారు మాత్రం దడ్... దడ్... దడ్... ఎవరో లోపల కూర్చుని తన్నుతున్నట్టు ఊగిపోతోంది.

ఇంతవరకు నిజం. ఎందుకంటే ఆ కీ పట్టుకున్న చెయ్యి నాదే.

నా పేరు వరప్రసాదరావు. జగ్గయ్యపేటలో రిటైరైన టీచర్ని. పగలు క్వారీలో రాయి కొట్టి, రాత్రి బడిలో చదువుకున్నవాణ్ణి. టీచర్ల జీతాల కోసం రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్నవాణ్ణి. దెయ్యాల్లేవని ఊరూరా సభలు పెట్టి గొంతు చించుకున్నవాణ్ణి. ఆ కారు ఒకప్పుడు మా ఊరి ఆసామి సాంబయ్యగారిది. చిన్నప్పుడు అది వస్తుంటే ముళ్లకంపలోకి దిగి దారిచ్చేవాణ్ణి. రిటైరయ్యాక పట్టుబట్టి అదే కారు కొన్నాను. దాని విషయంలో ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదు.

అంతకు వారం ముందు దాని స్పార్కు ప్లగ్గులు మార్చాల్సొచ్చింది. ఊళ్లో చర్చికీ బజారుకీ తప్ప తిరగని కారు కావడంతో ప్లగ్గులకు ఊరికే మసి పట్టేది. పాత సామాన్ల కొట్లో నాలుగు కొత్తవి దొరికాయి. "వేడి ప్లగ్గులు సార్, మసిని కాల్చి పారేస్తాయి" అన్నాడు కొట్టువాడు.

మెకానిక్ డేవిడ్‌రాజు ఒకదాన్ని ఎండలో తిప్పి చూశాడు.

"ఇవొద్దు మాస్టారూ. లోపల పింగాణీ ఎంత పొడుగుందో చూడండి. వేడిని వదలదు. ఊళ్లో బానే ఉంటది, హైవే ఎక్కారంటే నిప్పుకణికైపోద్ది."

"బిగించే మర పట్టిందా లేదా?"

"పట్టిందండి. నా చెప్పులో మీ కాలు కూడా పడతదండి. నడవగలరా?"

"నాకు పాఠం చెప్పకు. బిగించు."

బిగించాడు.

ఆ రాత్రి నందిగామలో చుట్టాల పెళ్లి ప్రార్థన కూడిక నుంచి నేనూ, మా ఆవిడ ఫ్లోరెన్సూ వస్తున్నాం. ఖాళీ రోడ్డు. కారు ఎన్నడూ లేనంత జోరుగా తోలాను. "లూర్దమ్మ దగ్గర కాస్త టీ తాగుదామండీ" అంది. ఆపాను. కీ తీశాను. తర్వాత జరిగింది చెప్పానుగా.

బానెట్ అదురుతోంది. ఎదురుగా కాటా గది, తలుపు లేని గుమ్మం... లోపల చీకటి.

తలుపు తీసి దూకాను.

పక్క సీట్లో ఫ్లోరెన్స్ ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, చెయ్యి పట్టుకుంటే తప్ప దిగలేదు. "ఏమండీ..." అంది.

నాకు వినబడింది. ఇన్నాళ్లూ వినబడలేదనే అన్నాను. వినబడింది. అయినా వెనక్కి తిరక్కుండా పరుగెత్తాను.

పెట్రోలు బంకు దాకా పోయి, నలుగుర్ని బైకుల మీద వెంటేసుకొచ్చాను. వచ్చేసరికి కారు చల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఫ్లోరెన్స్ కొట్టు బల్ల మీద కూర్చుని టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. లూర్దమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

"ఆగిపోయిందండి" అంది లూర్దమ్మ. అంతే.

ఆ నలుగురూ నన్ను చూశారు. భార్యను చూశారు. మళ్లీ నన్ను చూశారు. అక్కడ దెయ్యం లేకపోతే మరి నేనెవర్ని?

"దెయ్యమే" అన్నాను. "స్టీరింగు దానంతటదే తిరిగింది... నా కళ్లతో చూశా."

తెల్లారాక డేవిడ్‌రాజు ప్లగ్గులు విప్పాడు. పింగాణీ తెల్లగా పాలిపోయింది, మొనలు కరిగి ఉన్నాయి. "కీ తీస్తే కరెంటు ఆగుద్దండి, నిప్పు ఆగదుగా. ఇవి ఎర్రగా కాలి పెట్రోలు ముట్టించాయి. ఇదుగోండి, మీ దెయ్యం నంబరు కూడా దీని మీదే ఉంది" అని ప్లగ్గు మీద అచ్చేసిన నంబరు చూపిస్తూ నవ్వాడు.

"బయట అనకు" అన్నాను. అతను నవ్వు ఆపేశాడు. వేడిని వదిలే చల్ల ప్లగ్గులు తెచ్చి బిగించాడు.

కథ ఫోన్లకెక్కింది. ముక్త్యాల సిమెంటు లారీలు కాటా దగ్గర హారన్ కొట్టుకుంటూ ఆగకుండా పోవడం మొదలైంది. లూర్దమ్మ బతికేదే రాత్రి లారీల మీద. నాకు తెలుసు. తెలిసీ రెండేళ్లు నోరు మూసుకున్నాను.

మొన్న అటు వెళ్తుంటే ఆమె కొట్టు రేకులు విప్పి ఆటోలో వేయిస్తోంది. దిగాను.

"లూర్దమ్మా, ఆ రాత్రి కారు... ఎట్లా ఆగింది?"

"నేనే ఆపానండి. మా ఆయన బెజవాడలో టాక్సీ తోలేవాడు. కీ తీసినా ఆగకపోతే ఇంజన్ని గేర్లో చంపాలనేవాడు. బ్రేకు తొక్కి, టాప్ గేరేసి, క్లచ్చి వదిలా. చచ్చింది."

"మరి ఆ మాట డ్రైవర్లతో చెప్పకపోయావా? కొట్టు నిలబడేదిగా!"

ఆమె రేకు మీద దుమ్ము దులిపింది. "అమ్మగారు ఆ రాత్రే నా చెయ్యి పట్టుకుందండి. ఆయన పరిగెత్తింది ఉత్త ఇంజను చప్పుడుకేనని బయటపడితే ఊళ్లో తలెత్తుకోలేడు, చెప్పకమ్మా అంది. మాటిచ్చా."

నా పరువు కోసం ఒకావిడ నోరు కట్టుకుంది. ఇంకొకావిడ పొయ్యి ఆర్పుకుంది.

రేకులు దింపించాను. మళ్లీ కట్టించాను. ఆ రాత్రి రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తి ఒక లారీ ఆపాను. ఉన్నదంతా చెప్పాను. తప్పుడు ప్లగ్గులు, నా మొండితనం, నా పరుగు, నా అబద్ధం. "నేను పిరికివాణ్ణి నాయనా. ఇక్కడ దెయ్యం లేదు. దిగి టీ తాగు" అన్నాను.

డ్రైవరు కిందికి దిగలేదు.

"మాస్టారూ, మీరు మా నాన్నకి చదువు చెప్పారు. మీ గురించి నాకు తెలుసండి. పాపం ఈ కొట్టావిడ కోసం ఇట్లా చెప్తున్నారు" అన్నాడు మెల్లగా. "మీలాంటి మనిషి ఆడమనిషిని వదిలేసి పారిపోయాడంటే..."

కాటా గది వైపు ఒక్కసారి చూసి, గబగబా గేరు వేశాడు.

"...అక్కడ ఏదో ఉండే ఉంటదండి."