ఇరవై ఏడు నల్లపూసలు

డాక్టర్ భీమశంకరాన్ని చంపడానికి నాలుగు సెకన్లు పట్టింది. చెవి వెనక ఒక సూది పోటు, అంతే. పోలీసులు గుండెపోటని రాసుకున్నారు. లాబ్ లాకర్‌లో ఉండాల్సిన ఇరవై ఏడు పత్తి విత్తనాలు మాయమైన సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మంగళవారం. సూరత్ శివార్లలోని డాక్టర్ పనిచేసిన పత్తి పరిశోధన కేంద్రంలో ఏజెంట్ నరహరి ఒక లింగాకర్షక బుట్ట ముందు వంగి నిలబడ్డాడు. బుట్టలో ఆడ పురుగు వాసన పట్టించిన చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది. ఆ వాసనకు మగ పురుగులు ఎగిరొచ్చి పడతాయి. లోపల ఆడ పురుగు ఉండదు. రోజూ ఎన్ని పడ్డాయో రిజిస్టర్‌లో రాయడం ఫీల్డ్ అసిస్టెంట్ పరమేశ్ పని. పరమేశ్ అన్నది నరహరి మారుపేరు. బుట్ట మూతలో ట్రాన్స్‌మిటర్ ఉంది.

"బాబిన్," అన్నాడు నరహరి.

"దారం," అని జవాబు కోడ్ చెప్పింది మూతలోంచి చీఫ్ రాంప్రసాద్ గొంతు. "ఆ విత్తనాల విలువ తెలుసుగా?"

"ఆ పత్తి గులాబీ పురుగును తట్టుకుంటుంది. ఉప్పు నేలలోనూ కాస్తుంది."

"పద్దెనిమిదేళ్ల పని. ప్రపంచం మొత్తంలో ఉన్నవి ఆ ఇరవై ఏడే. అవి దేశం దాటాయా, పేటెంట్ ఆ విదేశీ ముఠాది. రేపు మన విత్తనాన్ని మనమే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి. ముఠా నాయకుడు గురువారం పదకొండున్నరకి విమానం ఎక్కుతున్నాడు. ఆపడానికి ఆధారం లేదు. తేజశ్రీ ఏమంటోంది?"

"సరుకు అతనితో వెళ్లదట. అదే రోజు మధ్యాహ్నం హజీరా ఓడరేవు జెట్టీలో చేతులు మారుతుందట."

"ఆమెను నమ్మొచ్చా?"

నరహరి ఒక క్షణం ఆగాడు. "నమ్మొచ్చు సార్."

"ఆలోచించావే?"

"పురుగులు లెక్కపెడుతున్నా."

తేజశ్రీని ఆ ముఠాలోకి పంపింది డిపార్ట్‌మెంటే. ముఠా పార్టీల్లో ఆమె సిల్కు గౌను వేసుకునేది. భేస్తాన్ కార్మికవాడలోని ఇరుకు గదిలో మాత్రం నేతచీర కట్టుకునే సుమతి, పరమేశ్ భార్య. ఏడు నెలల క్రితం స్టోర్‌కీపర్ ఒక గ్యాస్ స్టవ్, రెండు ఆధార్ కార్డులు, ఒక నల్లపూసల గొలుసు ఇచ్చి సంతకం తీసుకున్నాడు. గొలుసు నరహరే ఆమె మెడలో వేశాడు. ఆమె జుట్టు చిక్కు తీసుకుంటూ, "కొక్కెం బిగించు, ఊడిపోతుంది," అంది. పెళ్లిలో జరిగిన తంతు అంతే.

రాత్రిళ్లు రెండు మంచాల మధ్య ఒక దుప్పటి వేలాడేది. అయినా రోజూ సాయంత్రం ఆమె "తిన్నావా?" అని అడిగేది. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నరహరిని ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు. ఆమెను ఏజెంట్ కళ్లతో చూడటం అతను ఎప్పుడో మానేశాడు. మంగళవారం ఆమె చూపుడు వేలి మీద బొబ్బ కనిపించింది. తిరగమోత నూనె చిందిందంది. అతను వెన్న రాశాడు.

గురువారం పొద్దున జోరు వాన. తేజశ్రీ అప్పటికే బయటికి వెళ్లింది. నరహరి గొడుగు తీసుకుని హజీరాకు బయల్దేరుతుంటే పక్కగది భాగ్యలక్ష్మి అడ్డం వచ్చింది. సిరిసిల్ల మనిషి. భర్తది మరమగ్గం మీద పని.

"పరమేశూ, జర ఆగు. ఇద్దరు కొట్లాడిండ్రా ఏంది?"

"లేదక్కా. ఏం?"

"మరి నీ పెండ్లాం నల్లపూసలు తీసి, ప్లాస్టిక్ కవర్ల సుట్టి, గోడ మొలకు తలిగేసి తానానికి పోయింది. నిన్న గూడ గంతే. మొగడున్న ఆడిది చేసే పనేనా గది?"

"మర్చిపోయిందేమో."

"ఏం మరుపు! ఇన్ని నెలలు మెడల ఉంచుకునే తానం జేసింది గద. గిప్పుడేమైంది? నీళ్లు తాకితే కరుగుతయా అవి?"

నరహరి కాలు గడప మీదే ఆగిపోయింది.

కరగవు. మొలకెత్తుతాయి.

పత్తి గింజకు తెల్లని నూగు ఉంటుంది. యాసిడ్‌తో కడిగితే ఆ నూగు పోయి, గింజ పూసలా నల్లగా నిగనిగలాడుతుంది. ఆ వేలిని కాల్చింది నూనె కాదు.

టైమ్ తొమ్మిది నలభై. డిపార్ట్‌మెంట్ మనుషులు ఆరుగురూ హజీరాలో ఉన్నారు. నరహరి బైక్ స్టార్ట్ చేస్తూ చీఫ్‌కు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పాడు. "ఎయిర్‌పోర్ట్."

టెర్మినల్ ముందు, షెడ్డు అంచున, నీలం సిల్కు గౌనులో తేజశ్రీ నిలబడి ఉంది. మెడలో నల్లపూసలు. ఇరవై అడుగుల దూరంలో నల్ల కారు దిగుతున్నాడు ముఠా నాయకుడు.

"సుమతీ!"

ఏడు నెలల అలవాటు. ఆమె తిరిగి చూసింది.

"హజీరా వెళ్లలేదా?"

"వేలు ఎలా ఉందో చూద్దామని వచ్చా."

ఆమె హ్యాండ్‌బ్యాగ్ అతని పొట్టకు ఆనింది. లోపల పిస్టల్ గొట్టం గట్టిగా తగిలింది. "కదలకు నరహరీ. ఎవరు చెప్పారు?"

"పక్కింటి అక్క. గొలుసు మొలకు తగిలించావట."

తేజశ్రీ నవ్వింది. "కోడ్ నేర్పారు, కాల్చడం నేర్పారు. కాపురం చేయడం ఎవరూ నేర్పలేదు."

"డాక్టర్‌ని కూడా నువ్వేనా?"

"నాలుగు సెకన్లు. నొప్పి తెలియలేదు."

సైరన్ మోగింది. ఎయిర్‌పోర్ట్ పోలీసులు నల్ల కారును చుట్టుముట్టారు. తేజశ్రీ పక్కనే వాన కాలువ బుసలు కొడుతూ పారుతోంది. ఆమె ఒక్క గుంజుతో గొలుసు తెంపింది.

"నాకు దక్కనివి నీకూ వద్దు."

ఆమె చెయ్యి కాలువ మీదికి లేచింది. నరహరి ఎడమ చేయి హ్యాండ్‌బ్యాగ్‌ను పైకి నెట్టింది. గుండు షెడ్డు రేకును చీల్చుకుపోయింది. అతని కుడి చేతిలోని గొడుగు కాలువ మీద తలకిందులుగా తెరుచుకుంది. టపటపా రాలాయి, చిల్లు పెట్టకుండా సన్నని తీగతో చుట్టిన గింజలు.

పోలీసులు ఆమె చేతులకు బేడీలు వేస్తుంటే నరహరి లెక్కపెట్టాడు. ఇరవై ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఇరవై ఆరే.

ఇరవై ఏడోది ఆమె మెడ వెనక, తడి జుట్టులో చిక్కుకుని ఉంది. రెండు వేళ్లతో మెల్లగా తీశాడు. ఆమె కదలలేదు.

"సాయంత్రం గ్లాసు బియ్యమే పెట్టుకో. రెండు పెడితే మిగిలిపోతుంది," అంది.

సాయంత్రానికి వాన వెలిసింది. గింజలు మరో లాకర్‌లోకి చేరాయి. నరహరి పొలంలో బుట్ట దగ్గర నిలబడ్డాడు.

"శభాష్," అన్నాడు చీఫ్. "రెండు రోజులు సెలవు తీసుకో. ఇంటికెళ్లు."

"ఏ ఇంటికి సార్?"

మూతలో లైన్ కట్ అయింది.

వానలో పురుగులు ఎగరవు. బుట్ట ఖాళీగా ఉంది. నరహరి రిజిస్టర్ తెరిచి, తేదీ వేసి, నాటి లెక్క రాశాడు.

"పడ్డవి: ఒకటి. మగ."