ఆకలి వారధి

ఇరవై రెండో శతాబ్దం మొదలైన కొత్తల్లో, నల్లమల అంచు ఊళ్ళలో జనం పొద్దున లేవగానే ముందు మణికట్టు చూసుకునేవారు. అక్కడున్న పట్టీ పచ్చగా వెలుగుతుంటే ఆ దరిదాపుల్లోని పులికి కడుపు నిండినట్టు. మేకల్ని తోలుకుని అడవిలోకి పోవచ్చు. ఎర్రబడిందా, తలుపులు బిగించుకోవలసిందే.

ఆ రంగుకు మూలం ఆకలి వారధి. పులి మెదడులో వెంట్రుకంత తీగ, పరిశోధన కేంద్రంలో ఒక మనిషి తలకు హెల్మెట్, రెంటికీ నడుమ రేడియో తరంగాలు. పులి మెదడులోని అలజడినంతా యంత్రం నమోదు చేయగలిగింది గానీ, అందులో ఆకలి ఏదో విడదీయలేకపోయింది. ఆకలి ఎరిగిన మెదడే దాన్ని పోల్చుకోవాలి. అలా పోల్చి చెప్పేవారిని గ్రాహకులన్నారు. రాళ్ళవాగు ఆడపులికి గ్రాహకురాలు డాక్టర్ హైమవతి.

ఆ పులి వేట ఆమెకు కంఠతా వచ్చు. తన వాసన అవతలికి పోకుండా ఎదురుగాలి చూసుకుని నక్కుతుంది. గడ్డిలో పొట్ట నేలకానించి ఎంతసేపైనా కాచుకుంటుంది. చాలాసార్లు దూకుడు వృథా అవుతుంది. దొరికిననాడు గొంతు పట్టి, పొదలోకి ఈడ్చి, తొడల దగ్గర మొదలుపెట్టి తింటుంది. మిగిలినదాన్ని ఆకులతో కప్పి, నీళ్ళు తాగి, పక్కనే పడుకుంటుంది. అది అయ్యేదాకా మరో ప్రాణి జోలికి పోదు.

ఆ వారం మాత్రం పులి ఒక కణితి జింకను తిని, వెంటనే మూడు దుప్పుల్ని చంపింది. ఒక్కదాన్నీ ముట్టలేదు.

"దీనికి పిచ్చిగానీ పట్టిందా ఏందక్కా?" అన్నాడు ఆమెతో పనిచేసే యువ శాస్త్రవేత్త దస్తగిరి. "పోయి ఆ కళేబరాలు చూసొస్తా. పట్టీ పచ్చగానే ఉండాదిలే."

"వాగులోకి దిగితే ఫోన్ పలకదు. జాగ్రత్త నాయనా," అంది హైమవతి. ఆమెకెందుకో మనసు కీడు శంకిస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఆమె వారధిలోకి ప్రవేశించేసరికి పులి అప్పటికే నక్కి ఉంది. పులి కళ్ళలోంచి చూస్తుంటే, గడ్డిపోచల సందుల్లో ఏదో కదులుతోంది. ఖాకీ చొక్కా. వంగిన వీపు. చచ్చిన దుప్పి ముందు మోకాళ్ళ మీద కూర్చున్న దస్తగిరి.

హైమవతి కేక పెట్టింది. "యంత్రమా! దస్తగిరికి చెప్పు!"

"వాగులో అతనికి సంకేతం అందడం లేదు," అంది యంత్రం ఆమె చెవిలో. "డాక్టర్, కణితిని తిన్న పులి కడుపు నిండుగానే ఉంది."

"లేదు! దానికి ఆకలేస్తోంది. నాకు తెలుస్తూనే ఉంది!"

"ఆ ఆకలి పులి నుంచి మీకు రావడం లేదు. తరంగాలు మీ నుంచే పులికి పోతున్నాయి. వారధి రెండు వైపులా తెరుచుకుంది. మూడు దుప్పుల్ని చంపినప్పుడూ మీరు వారధిలోనే ఉన్నారు. హెల్మెట్ తీసేయండి."

ఆమె చేతులు హెల్మెట్ మీదికి వెళ్ళాయి. అక్కడే ఆగాయి.

పులి ముందరి పంజా నిశ్శబ్దంగా జరిగింది. ఒళ్ళంతా వింటినారిలా బిగుసుకుంది. దూకబోయే ముందరి ఆ క్షణం కోసమే కదా తాను రోజూ పరుగున వచ్చి కూర్చునేది! ఒక్కసారి, ఇంకొక్కసారి...

"డాక్టర్, తీసేయండి."

"ఉండు..."

ఆ మాట అన్నది తన గొంతేనని తెలిసి హైమవతి కెవ్వుమంది. హెల్మెట్ లాగి గోడకేసి కొట్టింది.

తెల్లటి గది. ఏసీ హోరు. అక్కడ వాగులో ఏమవుతోందో చూసే దారి ఇక లేదు. నోట్లో ఊరిన నీటిని మింగడానికి అసహ్యమేసి, ఉమ్మి, మోకాళ్ళలో తల దాచుకుంది.

పొద్దు వాలుతుండగా దస్తగిరి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, ముఖంలో మాత్రం నవ్వు.

"అక్కా, పులి ఎదురుగానే లేచి నిలబడె! ఇంక అయిపోయింది నా పని అనుకుంటి. కదల్లేదు, అట్టే చూస్తా ఉంటి. అది ఆవులించి, నీళ్ళకాడికి పోయి పండుకునె. పాపం, దానికి ఆకలి లేదు."

"లేదు దస్తగిరీ," అంది హైమవతి తల ఎత్తకుండా. "దానికి లేదు. ఆ ఆకలి నాది. తీసేయమని యంత్రం చెబుతున్నా, ఉండమన్నాను."

పులి ముందు కదలకుండా నిలబడిన దస్తగిరి, ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా తలుపు వైపు వెనక్కి జరిగాడు.