పోగులన్నీ బాగొచ్చినయి

"కదలకు తాతా! కదిలితే ఫోటో పాడైతది."

ఋతుజ అలా అరవడం అప్పటికి మూడోసారి. మగ్గం మీద కూర్చున్న పెంటప్ప తాత ఊపిరి బిగబట్టాడు. మధ్యాహ్నం రెండైంది. భవాని పేటలోని ఆ ఇంట్లో సామానంతా మూటలు కట్టేశారు. కట్టకుండా మిగిలింది మగ్గం ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే మనుషులు వచ్చి దాన్ని విప్పి తీసుకుపోతారు. ఇంటిల్లిపాదీ కుంభారిలోని కొత్త కాలనీకి మారుతున్నారు. అక్కడి గదిలో మంచం పడుతుంది, బీరువా పడుతుంది. మగ్గం మాత్రం పట్టదు.

యాభై ఏళ్ళు ఆ మగ్గం మీద చద్దర్లు నేసిన మనిషి అడిగింది ఒక్కటే.

"నేను మగ్గం మీద కూసున్న ఫోటో ఒకటి తీయున్రి. పెద్దగ చేపిచ్చి కొత్తింట్ల పెట్టుకుంట."

ఆ ఫోటో తీయాల్సింది మంగేశ్ కాక. పెళ్ళిళ్ళలో ఫోటోలు తీసేది ఆయనే. కానీ సామాను టెంపో వాకిట్లో హారన్ కొడుతోంది, దానితో ఆయనే పోవాలి. అందుకని కెమెరా తెచ్చి అన్న కూతురు ఋతుజ చేతిలో పెట్టాడు.

కెమెరా కొత్తది, డిజిటల్‌ది. దాని ముందున్న లెన్స్ మాత్రం కాక పుట్టకముందుది. మూతపడ్డ ఏదో స్టూడియోలో దొరికితే, మధ్యలో ఒక రింగు పెట్టి కొత్త కెమెరాకు తగిలించుకున్నాడు. చేత్తో పట్టుకుంటే ఇనుప గుండులా బరువు.

"దీన్ల తనంతల తాను తిరిగే మోటరు లేదు బిడ్డా. నీ చెయ్యే మోటరు," అన్నాడు కాక. "ఇగో, ఈ లెన్స్‌ను ఇట్ల తిప్పాలె. ఏది సాఫ్‌గ ఉంటదో దాని మీద స్క్రీన్ల ఎర్ర చుక్కలు మెరుస్తయి. గదిల వెలుగు తక్కువ. బెత్తెడు మందమే సాఫ్‌గ వస్తది. ముంగటిది వస్తే ఎనకది రాదు. తీసినంక జూమ్ చేసి చూడు. సమజైందా?"

"హో కాకా, సమజైంది!"

సమజైంది సగమే. మిగతా సగం కాక నోట్లో ఉండగానే ఆమె కెమెరా పట్టీ మెళ్ళో వేసుకుంది. ఆరో తరగతిలో ఇంకెవరి మెళ్ళోనైనా కెమెరా ఉందా మరి!

ఋతుజ మగ్గానికి అటు చివర నిలబడింది. ఆమెకూ తాతకూ మధ్య పడుగు పోగులు చాపలా పరుచుకుని ఉన్నాయి.

పోగులంటే ఋతుజ తర్వాతే ఎవరైనా. రెండేళ్ళుగా ఆమె బడి నుంచి రాగానే తాత పిలిచేవాడు. "బిడ్డా, పోగు తెగిందేమో చూడు." అన్ని వందల పోగుల్లో తెగిన ఒక్కదాన్ని ఆమె చిటికెలో పట్టేసేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలను కూడా రంగు చూసి ఆమే అందించేది. "నీ కండ్లు బంగారం," అనేవాడు తాత. అలా అలవాటైపోయింది. మగ్గం కనబడితే చాలు, ఆమె కళ్ళు ముందు పోగుల మీదికే పోతాయి.

ఇప్పుడూ అక్కడికే పోయాయి.

లెన్స్ తిప్పింది. స్క్రీన్ మీద పోగులన్నీ ఒక్కసారిగా ఎర్రగా మెరిశాయి. ఎంత బాగున్నాయో! బటన్ నొక్కింది. కాక చెప్పినట్టే జూమ్ చేసింది. పోగుల మీదే చేసింది. ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ఒక్కటీ తెగలేదు.

"ఇంకొకటి తీస్తవా బిడ్డా? కండ్లు మూసుకున్ననేమో," అన్నాడు తాత.

"వద్దు తాతా, మస్తుగొచ్చింది."

గల్లీ చివర తన క్లాసు పిల్ల శ్రావణి నిలబడి ఉంది. కెమెరా మెళ్ళో ఉండగానే ఆమెకు కనబడాలి. ఋతుజ పరుగెత్తింది.

మర్నాడు మగ్గం విప్పడానికి గంట కూడా పట్టలేదు. తాత బయటి మెట్టు మీద, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. లోపల చెక్కలు ఊడుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా ఆయన భుజాలు కదిలాయి.

కుంభారికి వచ్చిన నాలుగో రోజున మంగేశ్ కాక పెద్ద ఫోటో పట్టుకొచ్చాడు. పెళ్ళి పనుల హడావిడిలో చూడకుండానే ప్రింటుకిచ్చాడట. పెద్దవాళ్ళూ తప్పులు చేస్తారు. కాకపోతే వాళ్ళను ఎవరూ బెంచీ ఎక్కించరు.

కాగితం విప్పగానే అందరూ ముందుకు వంగారు.

ముందు పోగులు. ఎంత స్పష్టంగా ఉన్నాయంటే చేత్తో పట్టుకోవచ్చు. వాటి వెనక మనిషి తలంత మసక. కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. బీడీలు చుడుతున్న అమ్మ సరోజ చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. కాక ఋతుజ వైపు చూశాడు. తిట్టలేదు. తిడితే మగ్గం తిరిగి వస్తుందా?

తాత ఫోటోను ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. వెలుతురు వైపు తిప్పాడు. వేలితో తడిమాడు.

"నా మొహం ఎట్లొచ్చింది బిడ్డా?"

అందరూ ఋతుజనే చూస్తున్నారు.

"మంచిగొచ్చింది తాతా."

"పోగులు?"

"పోగులన్నీ బాగొచ్చినయి."

ఆ ఒక్క మాటే నిజం. తాత నవ్వాడు. మేకు కొట్టించి, ఫోటోను తన చేత్తోనే తగిలించాడు. పిల్ల మనసు నొప్పించడం ఇష్టంలేక ముసలాయన అలా నవ్వాడని పెద్దవాళ్ళు అనుకున్నారు. అలా అనుకోవడం వాళ్ళకూ సులువుగానే ఉంది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా గోడ చూసి అడిగేవాళ్ళు. "ఇదెవరు?"

"నేనే! యాభై ఏండ్లు నేసిన మగ్గం," అనేవాడు తాత గర్వంగా. వచ్చినవాళ్ళు మాట మార్చేవాళ్ళు. ఋతుజ లేచి రెండో గదిలోకి పోయేది. అన్నం కూడా సరిగ్గా సయించేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కాకను కెమెరా అడిగింది. కాక ఏమీ అనకుండా ఇచ్చాడు. తాత కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. పనిలేని చేతులు మోకాళ్ళ మీద అటూ ఇటూ కదులుతున్నాయి, నాడె విసురుతున్నట్టు.

ఋతుజ ఎదురుగా కూర్చుంది. లెన్స్ మెల్లగా తిప్పింది. మొదట అంతా మసక. తర్వాత తెల్లగడ్డం వెంట్రుకలు కనబడ్డాయి. ఇంకొంచెం తిప్పింది. కళ్ళు కనబడ్డాయి. స్క్రీన్ మీద వాటిని పెద్దవి చేసి చూసింది.

రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు నడుమ తెల్లగా ఉంది, గంజి చుక్క పడ్డట్టు.

ఆమె కెమెరా దించేసింది.

"తాతా, నీకు ఆ ఫోటో కనబడలేదా?"

తాత కిటికీ వైపు తిరిగాడు.

"కనబడలే బిడ్డా."

"ఎప్పటిసంది?"

"రెండేండ్లాయె. అందుకే గదా పోగు చూడుమని నిన్ను పిలిచేటోన్ని."

"మరి ఎవ్వరికి చెప్పలేదేంది?"

"చెప్తే మగ్గం దిగుమంటరు. అందుకే చెప్పలే. ఇగ మగ్గమే పాయె." తాత ఆమె వైపు తిరిగాడు. "అందరు చద్దర్ మంచిగున్నదా అని చూసిన్రు. నా దిక్కు ఎవ్వరు చూసిన్రు?"

ఋతుజకు ఏడుపొచ్చింది. తన మీద కోపమొచ్చింది. ఇంట్లో అందరి మీదా వచ్చింది. తన బంగారు కళ్ళ మీద మరీ ఎక్కువ వచ్చింది. రోజూ ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళను ఒక్కసారి కూడా చూడలేదు.

"తాతా, నీ మొహం రాలేదు. అంత మసకొచ్చింది. పోగులే వచ్చినయి. నేను అబద్ధం చెప్పిన."

తాత మోకాళ్ళ మీద కదులుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఇన్నొద్దులు అందరికి చూపెట్టి నేనే, నేనే అన్న గదనే..."

తాత ఆమె తల నిమరలేదు. పోనీలే అని కూడా అనలేదు. "మళ్ళ మగ్గం ఏడికెల్లి తెస్తం?" అని మాత్రం అడిగాడు.

తలుపు దగ్గర సరోజ చేతిలో బీడీల చాటతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, అంతా వింది. చాట కింద పెట్టేసింది.

"రేపు కండ్ల దవాఖానకు పోదాం మామా," అంది. తాత మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

కాసేపటికి ఋతుజ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కెమెరా ఎత్తింది.

"తాతా, జర ఇటు తిరుగు. కదిలినా ఏం కాదు."

తాత తిరిగాడు. ఆమె తిప్పింది, ఆగింది, నొక్కింది. తర్వాత జూమ్ చేసింది. ఈసారి కళ్ళ మీద చేసింది.

"మొహం వచ్చిందా?" తాత అడిగాడు.

బాగొచ్చిందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఋతుజ ఇంకోసారి చూసింది.

"రాలే తాతా. ముక్కే సాఫ్‌గొచ్చింది. కండ్లు రాలే. ఇంకోటి తీస్త."

"తియ్యి," అన్నాడు తాత. "నాకిప్పుడు ఏం పనున్నది?"

ఋతుజ కొంచెం ముందుకు జరిగి, మళ్ళీ లెన్స్ మీద చెయ్యి వేసింది.