ఏడో నంబరు బోరు

"సరిగ్గా పన్నెండింటికి వాల్వు తెరుస్తారు. నలభై వేల మంది ఆ నీళ్ళు తాగుతారు. అందులో మీ అత్తగారొకరు," అన్నాడు చీఫ్.

ఎదురుగా ఇద్దరు ఏజెంట్లు. కోడ్ నేములు ఉప్పు, కర్పూరం. వరసకు తోడల్లుళ్ళు. పోలిక అంతవరకే.

చీఫ్ మ్యాపు మీద వేలు పెట్టాడు. "పన్నెండేళ్ళ కిందట మట్టితో పూడ్చేసిన బొగ్గు గుంత. పూడ్చిన కాంట్రాక్టరు ఓ విదేశీ ముఠా. ఆ పూడికలో విషపు డ్రమ్ములు పాతిందని సమాచారం. ఊరికి వదలబోయే భూగర్భజలం ఎలా ఉందో చూడటానికి చుట్టూ బోర్లున్నాయి. ఇవాళ్టి శాంపిల్ బాగుందంటే వాల్వు తెరుస్తారు, మరో నాలుగు గుంతలు పూడ్చే కాంట్రాక్టు ముఠాకే పోతుంది. బాగోలేదంటే ఫోన్లో 'పెళ్ళి తప్పిపోయింది' అనండి, ఆపిస్తాను. కర్పూరం, నువ్వు నీటి నిపుణుడివి. సూటు వేసుకో. ముఠాలో మన మనిషి, కెమిస్ట్ మేడమ్, నీ పక్కనే ఉంటుంది."

"మరి నేను?" అన్నాడు ఉప్పు.

"పంపు ఆపరేటర్. ఖాకీ నిక్కరు బీరువాలో ఉంది."

ఉప్పుకు ఒళ్ళు మండింది. పోయినసారి కర్పూరానికి కాసినో, తనకు కోళ్ళఫారం. ఇంట్లోనూ అంతే. అత్తగారు చిన్నల్లుడికి వెండి గ్లాసు, పెద్దల్లుడికి స్టీలు గ్లాసు.

పదకొండింటికి గుంత దగ్గర కారు ఆగింది. కర్పూరం జేబులో కెమెరా పెన్ను. ఉప్పు టిఫిన్ డబ్బాలో కండక్టివిటీ మీటరు, నీళ్ళలో లవణాలెంత కరిగాయో చెప్పేది.

"నేనిక్కడికి రావడం ఇదే మొదటిసారి," అంటూ దిగింది మేడమ్. కర్పూరం ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఉప్పు లెక్కపెట్టాడు. తొమ్మిదో నవ్వు. తనవంక ఒక్కటీ లేదు.

ఓర్వలేని కన్ను దేన్నీ వదలదు. అది నవ్వు దగ్గర మొదలై మేడమ్ చెప్పుల దాకా దిగింది. మడమలకు తడి ఎర్రమట్టి. వానపడి మూడు నెలలైంది.

ఏడో బోరు చుట్టూ మాత్రం నేల తడిసి ఉంది. అదే ఎర్రమట్టి.

కర్పూరం గొట్టంలోకి బెయిలర్, అంటే తాడు కట్టిన సన్నటి చేద, దించి, పైపైన అందిన నీళ్ళు సీసాకు పట్టి, ఫోటోకు నిలబడ్డాడు. పక్కన ఉప్పు మీటరు ముంచితే మూడొందలు చూపింది.

"స్వచ్ఛం సార్," అంది మేడమ్. ఆ అంకె ఫోన్లో చీఫ్‌కు వెళ్ళిపోయింది.

"అయిపోయిందండీ అన్నయ్యగారూ, మూత పెట్టేయండి," అన్నాడు కర్పూరం.

"నిలవ నీళ్ళు మూడింతలు తోడి పారబోశాక పట్టాలి తమ్ముడూ. పంపువాళ్ళందరికీ తెలిసిన సంగతే. నిపుణులకు తెలియకపోవచ్చు."

నిజం చెప్పాలంటే ఉప్పు మనసులో అప్పుడు ఊరు లేదు. ఆ సీసా లెక్కకు రాకూడదు, అంతే. పంపు స్విచ్చి వేశాడు.

పదకొండు నలభై. మూడొందల ఇరవై. పదకొండు యాభై. తొమ్మిదొందలు. పదకొండు యాభై ఆరు. రెండువేల ఆరొందలు. ముక్కు పగిలే వాసన. పొద్దున్నే ఎవరో బోరులో మంచినీళ్ళు ట్యాంకరుతో దింపారు. ఇప్పుడు వస్తున్నదే అసలు నీరు.

"పంపు ఆపు," అంది మేడమ్. ఆమె పిస్టల్ కర్పూరం కణతకు ఆనింది. సూటు చేతులెత్తేసింది.

ఒక్క క్షణం, అక్షరాలా ఒక్క క్షణం, ఉప్పు ఆలస్యం చేశాడు. తర్వాత హోస్ ఆమె మీదికి తిప్పాడు. మేడమ్ తను చేసిన బురదలోనే జారి పడింది. పిస్టల్ పంపు కిందికి దొర్లింది.

ఉప్పు ఫోన్ అందుకున్నాడు. "పెళ్ళి తప్పిపోయింది."

ఊళ్ళో వాల్వు చక్రం మీద చెయ్యి వేసిన మనిషికి ఆ కబురు అందేసరికి పదకొండు యాభై తొమ్మిది దాటింది. చక్రం కదల్లేదు.

మర్నాడు అత్తగారు పేపర్లోని ఫోటో కత్తిరించి అద్దానికి అంటించింది. సీసాతో చిన్నల్లుడు. ఊరిని కాపాడిన నీటి నిపుణుడు.

"చూశారా పెద్దల్లుడుగారూ, ఎంత బాగున్నాడో. పక్కన ఎవరిదో మోచెయ్యి అడ్డమొస్తే కత్తిరించేశాను." ఆవిడ కుర్చీలో కూలబడింది. "కాసిని మంచినీళ్ళు ఇప్పిద్దురూ."

కత్తిరించేసిన మోచెయ్యే లేచి వెళ్ళి, వెండి గ్లాసు నిండా తెచ్చిచ్చింది.