డ్యూటీకి పోయిన బాపు

"ఒద్దమ్మా! డ్యూటీకి పోకు! నువ్వు పోకు!"

ఆరేళ్ళ ఈశ్వరి తల్లి కాళ్ళను చుట్టేసుకుని అరుస్తోంది. బస్సుకు వేళ మించిపోతోంది... వనిత విడిపించుకోబోతే మోచేతి మీద పళ్ళు దిగేలా కొరికింది! ఆ మంటలో వనిత చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమన్నాక గానీ తనేం చేసిందో ఆమెకు తెలియలేదు. పిల్ల ఏడవలేదు. గడప మీదే వాంతి చేసుకుంది.

వనిత భర్త నాగేష్ బొగ్గు గనిలో మట్టిపెళ్ళలు విరిగిపడి చనిపోయాడు. అతని బదులు వనితకు గని ఆఫీసులో పని ఇచ్చారు. చంద్రపూర్‌లో గని క్వార్టర్ల వాళ్ళందరికీ తెలిసిన ఆ చావు సంగతి, కన్నకూతురికి మాత్రం ఎవరూ చెప్పలేదు. శవం ఇంటికి రాకముందే పిల్లను కోర్పనాలో మేనత్త దగ్గరికి పంపేశారు. దినాలయ్యాక తీసుకొస్తే, "బాపు డ్యూటీకి పోయిండు బిడ్డా" అని చెప్పింది నానమ్మ నర్సక్క. చుట్టాలందరూ ఔనన్నారు. పసిదానికి చావు గురించి చెబుతారా ఎవరైనా? ఎంత తెలివైన పెద్దలు! వనిత కూడా తలూపింది. అప్పుడామెకు ఆలోచించే ఓపికెక్కడిది...

తోటి పిల్లలను రక్తాలొచ్చేలా గిల్లుతోందని బడి నుంచి కబురొచ్చింది. అక్కడి టీచరమ్మే ప్రతిభ దగ్గరికి తీసుకెళ్ళమంది. ప్రతిభ రాజురాలో బట్టల దుకాణం నడిపే తెలుగువాళ్ళమ్మాయి. ఆటలాడించి పిల్లల మనసు కుదుటపరిచే చదువు చదివి, చంద్రపూర్‌లో ఒక గది తీసుకుని కూర్చుంది.

"పిచ్చి డాక్టర్ కాడికా?" నర్సక్క గుండెలు బాదుకుంది. "రేపు ఈ పోరిని ఎవడు చేసుకుంటడే? ఆడుకునుడు గూడ రోగానికి ఇలాజేనా?"

"మీరేమన్న అనుకోండ్రి అత్తమ్మా. నేనైతే తోల్కపోత."

ప్రతిభ గదిలో మందుల్లేవు, సూదుల్లేవు. ఇసుక తొట్టె, బొమ్మలు, చిన్న చిన్న లారీలు ఉన్నాయి. "నీకెట్ల ఇష్టమైతే గట్ల ఆడుకో" అని ఆమె పక్కన కూర్చుంది, అంతే. మొదట్లో ఈశ్వరి దేన్నీ ముట్టుకోలేదు. వెళ్ళగా వెళ్ళగా ఒకరోజు మగబొమ్మను తొట్టెలో పడుకోబెట్టి, లారీతో ఇసుక తెచ్చి పోసి, అరచేత్తో అదిమింది. మూలన కూర్చున్న వనిత లేచి నిలబడింది. తండ్రి మట్టి కింద పడ్డాడని దీనికెవరు చెప్పారు?! ఏ పక్కింటి పిల్లలో చెప్పి ఉంటారు... అంతలో ఈశ్వరి ఒక ఆడబొమ్మను తీసి, దాన్నీ పక్కనే పూడ్చింది.

"వీళ్ళు ఏడికి పోయిండ్రు?" మెల్లగా అడిగింది ప్రతిభ.

"డ్యూటీకి."

"ఎప్పుడొస్తరు?"

"డ్యూటీకి పోయినోళ్ళు రారు."

వనిత నోట్లో కొంగు కుక్కుకుంది. రోజూ పొద్దున్నే తను చెప్పి బయల్దేరే మాట బిడ్డకు ఎలా వినపడిందో ఇప్పుడర్థమైంది! చావడానికి పోతున్నానని చెబుతోంది తను... పోవద్దని పట్టుకుంటే కొట్టింది!

"నిజం చెప్పాల్సింది మీరే అక్కా," అంది ప్రతిభ. "ఏడుస్తది, కోపం చేస్తది. చెయ్యనియ్యుండ్రి."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే నర్సక్క లేచింది. "నేను బతికుండగ నా కొడుకు సచ్చిండన్న మాట ఈ ఇంట్ల ఇనపడొద్దు!"

"మీ దుఃఖం దాసుకునేటందుకు నా బిడ్డనే దొరికిందా అత్తమ్మా?"

అంతవరకు ఆ కోడలు అత్తను అంత మాట అని ఎరగదు.

మరునాడు ఇసుక తొట్టె పక్కనే కూర్చుని వనిత చెప్పింది. "బాపు డ్యూటీల లేడు బిడ్డా. గనిల మట్టిపెళ్ళలు మీద పడి సచ్చిపోయిండు. ఇగ రాడు."

ఈశ్వరి తల్లి ముఖంలోకి చూసింది. "బాపును నాకెందుకు చూపెట్టలే?" అంది. గుప్పెళ్ళతో ఇసుక తీసి తల్లి మీద కొట్టింది, మళ్ళీ మళ్ళీ కొట్టింది! కళ్ళు మండుతున్నా వనిత పక్కకు జరగలేదు. ప్రతిభ ఆపలేదు. చేతులు నొప్పి పుట్టాక ఈశ్వరి తల్లి ఒళ్ళో పడి, తండ్రి పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ తర్వాత ఆట మారింది. ఈశ్వరి మగబొమ్మకు స్నానం చేయించింది, రుమాలు కప్పింది. నానమ్మను కూడా పిలవమంది. మనవరాలు పట్టుబట్టడంతో నర్సక్క ప్రతిభ గదికి రాక తప్పలేదు. గుమ్మంలోనే నిలబడిపోయిన ముసలామెకు ఈశ్వరి బొమ్మను చూపించింది.

"బాపమ్మా, బాపు సచ్చిపోయిండు. నువ్వు ఏడువు."

"ఓ కొడుకా... నన్ను ఇడిసి పోతివా కొడుకా!" నర్సక్క నేల మీద కూలబడింది. ఆ బొమ్మను గుండెకు అదుముకుని, ఇన్నాళ్ళూ బిగబట్టిందంతా ఏడ్చింది. వనిత అత్త వీపు మీద చెయ్యి వేసింది. కడుపులో కోపం పోయిందని కాదు... కానీ ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బడిలో గిల్లడం తగ్గింది. వాంతులు ఆగాయి. అయితే పోయిన నమ్మకం ఏ ఆటతో తిరిగొస్తుంది! ఒక ఉదయం వనిత బయల్దేరుతుంటే ఈశ్వరి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, పొద్దుగూకినంక ఇంటికి వస్తవా? అబద్ధం చెప్పకు."

తప్పకుండా వస్తానని నోటి దాకా వచ్చింది. వనిత ఆ మాటను మింగేసింది. "వచ్చేటందుకే పోతున్న బిడ్డా," అంది. "బాపు గూడ గట్లనే పోయిండు."

ఈశ్వరి తల్లి చెయ్యి వదిలేసింది.

బస్సెక్కి కూర్చున్నాక వనితే ఏడ్చింది.