అన్సెల్మో కాలి బొటనవేలు

మంగళవారం ఉదయం ఆరుంబావుకి జనాన్ని ఎక్కించుకుని అన్సెల్మో నడిపే జీప్నీ బండి చర్చి ప్రహరీకి గుద్దుకుంది. ఎక్కినవాళ్లకి దెబ్బలేం తగల్లేదు. అన్సెల్మో స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోయాడు, అంతే.

భార్య లిగయా అతణ్ని ఇంటికి తీసుకొచ్చి, బండి తాళం తన దగ్గరే పెట్టుకుంది. పొయ్యి దగ్గర అన్సెల్మో తల్లి పురిసిమా రాత్రి మిగిలిన అన్నంలో వెల్లుల్లి వేసి వేయిస్తోంది.

"తాళం ఇటివ్వు," అన్నాడు అన్సెల్మో.

"ఇవ్వను. ముందు పడుకో."

"పడుకుంటే మళ్లీ లేస్తానని నీకెవరు చెప్పారు?"

పోయిన నెల అతని అన్న క్రిస్పులో చుట్టాల పెళ్లిలో పందిమాంసం కడుపునిండా తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. నిద్రలో గుండెల మీదెక్కి కూర్చుని ప్రాణం తీసుకుపోయే బంగుంగొత్ పట్టిందన్నారు ఊళ్లోవాళ్లు. ఆస్పత్రిలో గుండె జబ్బన్నారు, తమ్ముడికీ పరీక్షలు చేశారు. ఏ లోపమూ కనబడలేదు. అయినా అన్సెల్మో సరిగా నిద్రపోయిన రోజు లేదు.

"నీకేం లేదని డాక్టరు చెప్పాడుగా!"

"చెప్పి ఆయన ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాడు. నాకిలా కన్ను మూతపడగానే అన్న వస్తున్నాడు లిగయా. కాలి బొటనవేలు పట్టుకుని లాగుతున్నాడు. రమ్మంటున్నాడు."

మూకుట్లో గరిటె ఆగింది.

"గట్టిగానా?" అంది పురిసిమా.

"ఏంటమ్మా?"

"గట్టిగా లాగుతున్నాడా అని."

"ఉలిక్కిపడి లేచేంత."

పురిసిమా పొయ్యి ఆర్పేసింది. "వాడు కాదురా. నేను."

గరిటె మూకుట్లోనే వదిలేసి ఇటు తిరిగింది.

"బంగుంగొత్ పట్టినవాడి బొటనవేలు కదిపితే మనిషి వెనక్కొస్తాడు. మా అమ్మ చెప్పింది. నువ్వు మూలిగితే కదిపేదాన్ని."

"మూలగనప్పుడో?" అంది లిగయా.

"అప్పుడింకా భయం కదే, ఊపిరి ఆగిందేమోనని. పెద్దాడి దగ్గర నేను లేను. పెళ్లింట్లో అంట్లు తోముతున్నాను."

"మరి నేను కళ్లు తెరిస్తే ఎవరూ కనబడరే?"

"కోప్పడతావని తెర వెనక్కి పోయేదాన్ని."

"ఈ నొప్పుల మోకాళ్లతోనా!" అంది లిగయా.

అన్సెల్మో నవ్వాడు. నవ్వుతూనే మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పురిసిమా వచ్చి అతని తల కడుపుకి అదుముకుంది. ఆమె చేతులు వెల్లుల్లి వాసనేస్తున్నాయి.

"నిన్ను గోడకి గుద్దించింది నేనేరా," అంది.

"గోడకేం కాలేదులే అమ్మా."

కాసేపటికి లేచి మంచమెక్కాడు. "నేనూ ఇక్కడే కూర్చుంటాను," అంది తల్లి.

"కూర్చోండి అత్తయ్యా. కాళ్ల వైపు మాత్రం వద్దు," అంది లిగయా.

మధ్యాహ్నం లిగయా తెర తీసి చూసింది. తల్లీ కొడుకూ ఇద్దరూ నిద్రపోతున్నారు. అన్సెల్మో ఛాతీ మీద పురిసిమా చెయ్యి లేస్తూ దిగుతూ ఉంది.