గాజు మీద అరచెయ్యి

"ఏవండీ, మీరు మాకు అమ్మింది లైటు షేడా, దెయ్యాన్నా?"

గడ్డి పరిచిన బుట్టను బల్లమీద ధన్‌మని పెట్టి అడిగాడు భాస్కరరావు. తాడేపల్లిగూడెంలో అతనిది ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు. ఇళ్ళకి కరెంటు కొత్తగా వస్తున్న రోజులు. ఏలూరు కాలువగట్టున కోదండరామయ్యగారి బట్టీలో తయారయ్యే రంగు గాజు షేడ్లంటే జనానికి మోజు. అక్కడికే వచ్చాడిప్పుడు.

బల్ల అవతల సీసాపెంకుల్ని రంగులవారీగా ఏరుతున్న అమ్మాయి తలెత్తింది. కోదండరామయ్యగారి కూతురు చంద్రావతి.

"ముందు కూర్చోండి. తర్వాత అరుద్దురుగాని."

"కూర్చోడానికి రాలేదండీ. మా మంగాయమ్మత్తయ్య వంటింట్లో ఈ షేడు పెట్టించుకుంది. స్విచ్చి వేసేసరికి గోడమీద ఇంత అరచెయ్యి! అయిదు వేళ్ళూ! కళ్ళు తిరిగి పప్పుగిన్నె మీద పడబోయింది."

నవ్వబోయిన చంద్రావతి, బుట్టలోకి చూసి ఆగిపోయింది. షేడును చటుక్కున తీసి గుండెకు హత్తుకుంది.

"ఇది అమ్మేది కాదండీ. మీ బుట్టలోకి ఎలా వచ్చిందో!"

ఆమె వెనక అలమారులో అలాంటివే వరసగా ఉన్నాయి. సాయంకాలపు ఎండ కిటికీలోంచి వాటిమీద పడుతోంది. ఎదుటి గోడమీద ఆకుపచ్చగా, నీలంగా, ఎర్రగా అరచేతులు. కాలువమీద ఎండ కదిలినప్పుడల్లా అవీ కదులుతున్నాయి.

భాస్కరరావు ఓ అడుగు వెనక్కి వేశాడు. "ఎవరిదండీ ఆ చెయ్యి?"

"మా అమ్మది."

"ఆవిణ్ణి ఓసారి పిలవండి."

"నిరుడు పోయిందండీ."

"మరి ఈ షేడు?"

"కిందటి నెల బట్టీలోంచి తీసింది."

ఆ తర్వాత తను స్టేషనుకి నడిచి వెళ్ళాడో పరిగెత్తాడో భాస్కరరావుకే తెలీదు.

పారిపోయినవాడు ఊరుకోవచ్చుగా? ఆదివారం మళ్ళీ వచ్చాడు. ఆ పై ఆదివారమూ వచ్చాడు. భయం ఆ చెయ్యి చూస్తే, ధైర్యం ఆమె కళ్ళు చూస్తే. ఆ కళ్ళకోసం రైలు టిక్కెట్టే కాదు, ఇంట్లో అత్తయ్య దెప్పులు కూడా భరించాడు.

"ఇవాళేం కంప్లైంటండీ?" అనేది చంద్రావతి.

"పని నేర్చుకుందామని."

"పాపం, కొట్లో పని చాలట్లేదు కాబోలు."

అలా ఏడిపిస్తూనే చెప్పేది. సీసాపెంకులన్నీ పేర్చి కాలిస్తే కరిగి ఒకే పలక అవుతుంది. ఇనప అచ్చును బోర్లించి, దానిమీద ఆ పలక పెట్టి మళ్ళీ బట్టీలో పెడితే, గాజు మెత్తబడి తడిగుడ్డలా అచ్చు చుట్టూ వాలుతుంది. గాజు ఇనుముకి అంటుకోకుండా అచ్చుకి తెల్లమట్టి పూత పుయ్యాలి. ఇనుము కొంచెం వేడెక్కితేగాని పూత నిలవదు. పూతమీద ఏ గీత పడినా గాజులో దిగుతుంది.

"అందుకే పూత పూసిన రాత్రి అచ్చుల్ని ఎవరూ ముట్టుకోరండీ. షెడ్డులో వాటినలా వదిలేస్తాం. అచ్చులు నిద్ర చెయ్యాలంటారు నాన్న."

"మరి చెయ్యి?"

ఆమె మాట మార్చేసింది.

ఒక ఆదివారం సాయంత్రం కొల్లేటి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చెప్పాపెట్టకుండా వాన. భాస్కరరావు షెడ్డు చూరుకింద నిలబడ్డాడు. అచ్చులు పూత వేసుకుని లోపల నిద్ర చేస్తున్నాయి. బోర్లించిన బుర్రల్లా తెల్లగా, వరసగా. ఎందుకు చూశాడో గాని కిటికీలోంచి లోపలికి చూశాడు.

చీకట్లోంచి ఓ తెల్లటి చెయ్యి మెల్లగా దిగి ఒక అచ్చుమీద ఆనింది.

అయినా కాళ్ళు తలుపువైపే నడిచాయి. తోశాడు.

చంద్రావతి! చేతినిండా తెల్లమట్టి. కళ్ళనిండా నీళ్ళు.

"మీరా!" అన్నాడు.

"అరవకండి, నాన్న వింటారు. అమ్మ పోయాక ఆయన అన్నం ముట్టలేదండీ. ఆవిడే పూత వేసేది. ఓరోజు తెలీక అచ్చుమీద చెయ్యి ఆన్చేను. షేడు తీసి చూసి, 'మీ అమ్మ వచ్చిందే' అన్నారు. ఆ పూట అన్నం తిన్నారు. అప్పట్నించీ..."

వాన రేకులమీద మోగుతోంది. చెప్పాలనుకున్నది భాస్కరరావు అప్పుడే చెప్పేశాడు. "నన్ను పెళ్ళి చేసుకోండి."

ఆమె ఉలిక్కిపడింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"ఇష్టం లేదా?"

"ఇష్టం లేకపోతే వారం వారం మీతో ఇన్ని కబుర్లు చెప్తానా? నేను గూడెం వచ్చేస్తే ఇక్కడ ఈ చెయ్యి పడదు. నాన్న బతకరండీ."

అతను ఆ రాత్రి సత్రంలో ఉండిపోయి, పొద్దున్నే కోదండరామయ్యగారి ముందు నిలబడ్డాడు. చెయ్యి సంగతి దాచి, పిల్లనిమ్మని మాత్రం అడిగాడు.

పెద్దాయన చేతిలో పని పక్కన పెట్టాడు. "అది రాదు బాబూ. నాకోసం అచ్చులమీద చెయ్యి వేస్తోంది కదా."

"మీకు తెలుసా!"

"మా ఆవిడ రత్నాంబ చిటికెనవేలు బట్టీ తలుపులో నలిగి వంకరపోయింది. ఈ ముద్రలో వేళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. మొదటిరోజే తెలిసింది. వాళ్ళమ్మ పోయాక ఆ పిల్లా తిండి మానేసింది. నేను 'అమ్మ వచ్చింది' అంటే, నాతోపాటు రెండు ముద్దలు తింది. నాకు తెలుసని ఎలా చెప్పను?"

గుమ్మం దగ్గర గిన్నె కిందపడింది. చంద్రావతి పరిగెత్తుకొచ్చి తండ్రి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన కూడా కన్నీళ్ళు దాచుకోలేకపోయాడు.

"ఇంక వద్దు నాన్నా," అంది చివరికి.

ఆ సాయంత్రం భాస్కరరావే కుంచెతో పూత వేశాడు. ఆమె దగ్గరికి రాలేదు. కోదండరామయ్య షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి భాస్కరరావు చేతిలోనే పెట్టాడు. మర్నాడు ముగ్గురూ కలిసి అచ్చుల్ని బట్టీకెక్కించారు. అప్పటిదాకా ఏ అచ్చుమీదా మచ్చ లేదు. భాస్కరరావు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

బట్టీ పూర్తిగా చల్లారాక తలుపు తీశారు. మొదటి షేడు నున్నగా ఉంది. రెండోదీ అంతే. చివరిది చంద్రావతి వెలుతురుకి ఎత్తింది.

అరచెయ్యి. చిటికెనవేలు పక్కకి వంకరగా ఉంది.

గదిలో ఉన్నట్టుండి చలేసింది. భాస్కరరావు గొంతు తగ్గించి, "మీరు కాదు కదా?" అన్నాడు.

"కాదండీ. మీరు?"

అతను తన మొరటు చెయ్యి చూపించాడు. కోదండరామయ్యది చాటంత చెయ్యి. ఆయన షేడు అందుకుని, వంకర వేలుమీద తన వేలు ఆన్చి, కళ్ళు మూసుకున్నాడు. తెరిచినప్పుడు ఆ మొహంలో భయం లేదు.

"ఆవిడకీ సమ్మతమే," అన్నాడు. "మీ అత్తయ్యగార్ని తీసుకురండి బాబూ, తాంబూలాలు పుచ్చుకుందాం."